మెడ లైను వేయబోతున్న అమ్మడికి

చిరంజీవి అమ్మడికి మేనత్త ఆశీస్సులు.

అమలాపురంలో డయాలిసిస్ కేంద్రంలో చేరుతున్నావని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. వాడి గొంతు వింటే నిన్ను ఆ జిల్లాకు కలెక్టరుగా వేశారేమో అనిపించింది. నాకూ గర్వంగానే ఉంది, కాదనను. నీ తోటివాళ్ళంతా హైదరాబాదు వదిలిపెట్టం అంటుంటే నువ్వు సొంత గడ్డకు వస్తానన్నావు. కానీ వాడు చివర్లో, "అక్కడ మెడ లైనైనా తొడ లైనైనా అన్నీ తనే వేసుకోవాలట అక్కా" అని సంబరంగా అన్నాడు చూడు, ఆ మాటతో నా నిద్ర పోయింది. డయాలిసిస్ కోసం పెద్ద సిరలోకి గొట్టం దించడం వాడికి హోదా. ఉద్యోగ జీవితమంతా మత్తు డాక్టరుగా జనం మెడల దగ్గర నిలబడినదాన్ని, నాకు అందులో వేరే సంగతులు కనిపిస్తాయి. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ మధ్యలో టిఫిను తింటావు.

చేతులు కడుక్కోవడం, గౌను, మాస్కు, రోగిని నిండా కప్పే గుడ్డ, క్లోర్‌హెక్సిడిన్ క్రిమినాశిని చర్మం మీద పూర్తిగా ఆరేదాకా ఆగడం, సంతకం తీసుకోవడం, పెట్టాక ఎక్స్‌రే తీయించడం. ఇవన్నీ నీకు తెలుసు, వీటి మీద కాగితం పాడుచేయను.

నా భయమంతా ఒక్కదాని గురించి. సిర కోసం బయలుదేరిన సూది ధమనిలో దిగడం.

అది నీకూ జరుగుతుంది. నాకెప్పుడూ జరగలేదని ఎవరైనా అంటే, ఆయన లైన్లు తక్కువ వేశారనో, జరిగినట్టు గమనించలేదనో అనుకో. చేతి అంచనాతో వేసే పద్ధతిలో మెడలోని జుగులర్ సిర దగ్గర నూటికి 6 నుంచి 9 సార్లు, తొడ దగ్గర 9 నుంచి 15 సార్లు, కాలర్‌బోన్ కింద 3 నుంచి 5 సార్లు సూది ధమనికి తగులుతుందని వైద్య పత్రికల లెక్క. కాలర్‌బోన్ కింద అంకె తక్కువ కదా అని అటు వెళ్ళకు. అక్కడ ధమని ఎముక చాటున ఉంటుంది, తగిలితే నొక్కడానికి వేలు చేరదు. పైగా కిడ్నీ రోగికి ఆ సిర ఇరుకైపోయిందంటే రేపు డయాలిసిస్ కోసం ఆ చేతిలో ధమనినీ సిరనూ కలిపి ఫిస్టులా పెట్టినా నిలవదు. మన రోగులకు ముందు కుడి జుగులర్, అది కుదరకపోతే తొడ.

సూది ఒక్కటే ధమనిలో దిగిందనుకో, కంగారు పడకు. ఆ సూది మందం మిల్లీమీటరు కంటే కొంచెం ఎక్కువ, అంతే. తీసేసి నొక్కి పట్టు. గొట్టానికి దారి చూపడానికి సూదిలోంచి పంపే తీగ పోయినా ఇంకా చేయి దాటలేదు, తీగతో సహా తీసి నొక్కు. మామూలు మనిషికి పది నిమిషాలు. మన రోగులు మామూలు మనుషులు కారు. యూరియా పెరిగిన ఒంట్లో ప్లేట్‌లెట్లు లెక్కకు ఉంటాయి గానీ పని సరిగ్గా చేయవు. దానికి తోడు గుండెకని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మింగుతుంటారు, మొన్నటి డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఎక్కి ఉంటుంది. వాళ్ళకు పదిహేను, ఇరవై నిమిషాలైనా పట్టవచ్చు. నాడి పూర్తిగా ఆగిపోయేంత గట్టిగా నొక్కకు, రెండు పక్కలా ఒకేసారి అసలే నొక్కకు. మెడ నొక్కుతున్నప్పుడు మానిటరు మీద ఒక కన్ను ఉంచు, కొందరికి గుండె వేగం పడిపోతుంది. ఆ రోజు డయాలిసిస్ తప్పదంటే హెపారిన్ లేకుండా నడిపించు. అటుపక్క కుదరలేదని వెంటనే రెండో పక్క మెడ మీద పడకు. రెండు వైపులా వాపు వస్తే మధ్యలో ఉన్న శ్వాసనాళం ఎటు జరుగుతుంది చెప్పు?

నొక్కడం అంటే మధ్యలో తీసి చూడకుండా నొక్కడం. ఈ విషయంలో నీ మీద నాకు నమ్మకం లేదు. అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు ఇసుకలో గుల్ల గుచ్చుకుని నీ అరికాలు తెగింది, గుర్తుందా? అప్పుడు నీకు పాలపళ్ళు ఊడుతున్నాయి. నా కొంగు చుట్టి పట్టుకుంటే, "ఆగిందా అత్తా, ఒక్కసారి చూద్దాం" అని నువ్వే విప్పేదానివి. విప్పినప్పుడల్లా మళ్ళీ కారేది. చివరికి నిన్ను ఒళ్ళో అదిమి, తీర్థంలో కొన్న బెల్లం జీళ్ళు నోట్లో పెట్టి, రథం వీధి మలుపు తిరిగేదాకా పట్టుకుంటే ఆగింది. ఇప్పుడు నువ్వు పెద్ద డాక్టరువి. అయినా నీ చేయి ఆగదేమో అని అనుమానం. గోడ గడియారం చూసుకో, లేదా ఒక సిస్టరును టైము చెప్పమను, నీ మనసులో లెక్కపెట్టకు. కంగారులో ఉన్నవాళ్ళకు మూడు నిమిషాలే పది అనిపిస్తాయి.

ఇక్కడివరకు చిన్న సంగతి. ఇప్పుడు అసలు సంగతి.

చాలాకాలం కిందట, పేరు అనవసరమైన ఒక ఆసుపత్రిలో, మంచి చేయి ఉన్న ఒక పెద్ద డాక్టరు గారు ఉండేవారు. ఆయన లైను వేస్తుంటే మేం పని మానుకుని చూసేవాళ్ళం. శ్రావణంలో గోదావరి పొంగిన రోజులు. లంకలో రొయ్యల చెరువు కాపలా కాసే మనిషిని అర్ధరాత్రి తీసుకొచ్చారు. పడవ దొరక్క రెండు డయాలిసిస్‌లు తప్పాయి, చేతిలోని ఫిస్టులా పూడుకుపోయింది, ఊపిరితిత్తుల నిండా నీరు. పడుకోబెడితే ఊపిరి అందక లేచి కూర్చుంటున్నాడు. ఇద్దరు భుజాలు పట్టి పడుకోబెట్టి, తలను గోడవైపు బాగా తిప్పారు. అక్కడే మొదలైంది. తల ఎంత తిప్పితే జుగులర్ సిర అంతగా మెదడుకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని మీదికి వచ్చి కూర్చుంటుంది. సిర వెనుక గోడ దాటిన సూదికి కిందే ధమని సిద్ధంగా ఉంటుంది.

సిరంజిలోకి రక్తం వచ్చింది. నల్లగా వచ్చింది. సిరే అనుకున్నారు. ఆ మనిషికి ఆక్సిజన్ అందక పెదవులే నల్లబడి ఉన్నాయి, ధమని రక్తం మాత్రం ఎర్రగా ఎలా ఉంటుంది? చిమ్మలేదు కదా అని కూడా అనుకున్నారు. సిరంజి తగిలించి ఉన్నప్పుడు ఎక్కడికని చిమ్ముతుంది? తీగ పోయింది, దాని మీద దారిని వెడల్పు చేసే డైలేటర్ పోయింది, దాని వెనుక 12 ఫ్రెంచ్ డయాలిసిస్ గొట్టం పోయింది. యంత్రానికి తగిలించబోతే రక్తం దానంతట అదే నాడి కొట్టుకున్నట్టు కొట్టుకుంటూ ఎదురు వచ్చింది. ఆయనకు తక్షణం అర్థమైంది. "తీసేసి నొక్కండి" అన్నారు.

అమ్మడూ, తప్పు అది. గుచ్చడం కాదు, ఆ మాట.

12 ఫ్రెంచ్ అంటే 4 మిల్లీమీటర్లు. మెడలోని పెద్ద ధమనికి అంత కన్నం పడింది. గొట్టం లోపల ఉన్నంతసేపూ ఆ కన్నాన్ని గొట్టమే మూసి ఉంచింది. కాలువ గట్టులో దిగిన గుంజను పీకితే గండి పడుతుందని మన ఊళ్ళో పశువులు కాసే పిల్లవాడికి కూడా తెలుసు. ఆ రాత్రి ఆ గదిలో ఉన్నవాళ్ళకు తట్టలేదు. వాళ్ళు చేతకానివాళ్ళు కాదు. సూది తగిలినప్పుడు తీసి నొక్కడం అందరికీ అలవాటు, అదే అలవాటును గొట్టానికీ వాడారు. సిస్టరు బలంగానే నొక్కింది. పైన రక్తం కనిపించలేదు, కాబట్టి ఆగిందనుకున్నారు. లోపల మెడ నిండుతోంది. ముందు అతని గొంతు మారింది, తర్వాత మాట పోయింది. అప్పుడు నన్ను పిలిచారు.

నేను వెళ్ళేసరికి కంఠం ఎడమ పక్కకు జరిగిపోయి ఉంది. నోరు తెరిచి చూస్తే నాకు అలవాటైన గుర్తులు ఒక్కటీ ఉండాల్సిన చోట లేవు. శ్వాసనాళంలోకి దించడానికి అన్నిటికంటే చిన్న ట్యూబు అడిగాను. అది ఎలా దిగిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. ఊపిరి అందింది, ఆ తర్వాత గంటన్నర పైన అంబులెన్సులో కూర్చుని వంతెన దాటి ఆపరేషన్ గదికి చేర్చాం. సర్జను ధమనిని కుట్టారు. మనిషి బతికాడు. కానీ అప్పటికే మెదడుకు దెబ్బ తగిలి, ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి. తర్వాత డయాలిసిస్‌కు వచ్చినప్పుడల్లా కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకునేవాడు. నన్ను చూసి నవ్వేవాడు కూడా.

ఆ పెద్ద డాక్టరు గారు ఆ తర్వాత మెడ లైన్లు వేయడం మానేశారు. అందరూ అయ్యో పాపం అన్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. అంత మంచి చేయి పక్కకు తప్పుకుంటే ఆ పని ఆగిపోలేదు, అనుభవం లేని కుర్రవాళ్ళ చేతికి పోయింది. నీకు ఎప్పుడైనా ఇలాంటిది జరిగితే నువ్వు మానకూడదు, ముందే చెబుతున్నాను.

ఇది ఒక్క మా ఊరి కథ అయితే నీకు ఇంత పొడుగు రాసేదాన్ని కాను. 2008లో కెనడాలో మాంట్రియల్ వైద్యులు ఇలా మెడలోనో ఛాతీ పైభాగంలోనో పెద్ద గొట్టం ధమనిలోకి పోయిన రోగుల వివరాలు పోగుచేసి చూశారు. లాగేసి నొక్కినవాళ్ళలో దాదాపు సగం మందికి పెద్ద ప్రమాదాలు జరిగాయి. గొట్టాన్ని అలాగే ఉంచి ఆపరేషన్ ద్వారానో రక్తనాళం లోపలి నుంచో మూసినవాళ్ళలో అలాంటివి కనిపించలేదు. అమెరికా మత్తు వైద్యుల సంఘం 2012లో మార్గదర్శకాలు ఇచ్చినప్పుడూ, 2020లో సవరించినప్పుడూ అదే చెప్పింది: డైలేటరో పెద్ద గొట్టమో ధమనిలోకి పోతే తీయకు, అక్కడే ఉంచి సర్జనును పిలువు.

ఉంచడం అంటే వదిలేయడం కాదు. క్లాంపులు వేసి, మూతలు బిగించి, చర్మానికి కుట్టు వెయ్యి. అందులో మందు ఎక్కించవద్దు, హెపారిన్ నింపవద్దు. మీద అట్టముక్క కట్టి, "ఇది ధమనిలో ఉంది, తీయవద్దు, మందు ఎక్కించవద్దు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయి. డ్యూటీ మారితే వచ్చే సిస్టరు మంచి మనసుతోనే దాన్ని తీసేయగలదు. అరగంటకోసారి మాట్లాడించు, రెండు చేతులూ ఎత్తించు, పిడికిలి బిగించమను, మెడ చుట్టుకొలత రాసిపెట్టు. గొంతు మారుతున్నా, మింగడం కష్టమవుతోందన్నా మత్తు డాక్టరును వెంటనే పిలువు. పూర్తిగా వాచాక పిలిస్తే మేమూ మనుషులమే. ధమనిలో గొట్టం ఉన్నకొద్దీ దాని చుట్టూ గడ్డ కట్టే భయం పెరుగుతుంది, అందుకని తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

ఇదంతా జరగకుండా ఆపే చోటు ఒకటి ఉంది. తీగకు, డైలేటర్‌కు మధ్య. సెల్డింగర్ అనే స్వీడన్ డాక్టరు 1953లో ఈ తీగ ఉపాయాన్ని రాసింది ధమని కోసమే, ధమనిలోకి రంగుమందు పంపి ఎక్స్‌రే తీయడానికి. దాన్నే మనం సిరకు వాడుకుంటున్నాం. కాబట్టి తీగ హాయిగా దిగింది కాబట్టి సిరే అన్న ధీమా పెట్టుకోకు, ధమనిలోకి అది ఇంకా హాయిగా దిగుతుంది.

స్కానింగ్ పెట్టుకుని గుచ్చుతాను అత్తా, మీ కాలం కాదు అంటావు. పెట్టుకోవాల్సిందే, స్కానింగ్ లేకుండా మెడ జోలికే వెళ్ళకు. నొక్కితే అణిగేది సిర, గుండ్రంగా నిలబడి కొట్టుకునేది ధమని, అది నువ్వు నాకు నేర్పగలవు. అయితే తెర మీద తెల్లటి చుక్క కనిపించగానే అదే సూది మొన అనుకోవడం మీ తరం జబ్బు. అడ్డంగా చూస్తున్నప్పుడు అది సూది నడుము కూడా కావచ్చు, మొన ఎప్పుడో సిర వెనుక గోడ దాటి ధమనిలో కూర్చుని ఉండవచ్చు. అందుకే తీగ వేశాక చర్మం మీద పెట్టిన స్కానింగ్ ప్రోబును నిలువుగా తిప్పి, తీగ సిరలోనే గుండెవైపు సాగుతోందని కిందిదాకా చూడు. చూశాకే డైలేటర్ చేతికి తీసుకో.

ఇంకొక పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేనిది. తీగ మీదుగా కాన్యులా అనే చిన్న ప్లాస్టిక్ గొట్టం పంపి, తీగ తీసి, అర మీటరు స్టెరైల్ ట్యూబు తగిలించు. కిందికి దించి రక్తంతో నింపు, తర్వాత నిలువుగా పైకి ఎత్తు. సిర అయితే రక్తం కిందికి జారి ఒకచోట ఆగి, ఊపిరితో పాటు ఊగుతుంది. ధమని అయితే కొట్టుకుంటూ పైకి ఎక్కుతుంది. నీరు పట్టిన మనిషికి సిరలో ఒత్తిడి కూడా ఎక్కువే, అయినా అర మీటరు దాటించేంత ఉండడం అరుదు. ఇదంతా అర నిమిషం పని. ఆ అర నిమిషం లేకనే చాలా మెడలు పాడయ్యాయి. ట్యూబు మార్చేటప్పుడు కాన్యులా నోరు వేలితో మూసి ఉంచు, గాలి లోపలికి పోకూడదు. రంగు చూసి, చిమ్మడం చూసి తేల్చేవాళ్ళ మాట వినకు.

తొడ గురించి క్లుప్తంగా. పడుకోలేని, ఊపిరి అందని మనిషిని బలవంతంగా పడుకోబెట్టి మెడ వేయడం కంటే, తల ఎత్తి ఉంచి తొడకు వేయడం మేలు. ఆ రాత్రి అలా చేసి ఉంటే నాకు ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. అక్కడ సిర ధమనికి లోపలి వైపు ఉంటుంది. గజ్జ మడత చూసి మోసపోకు, లావుగా ఉన్నవాళ్ళలో మడత కిందికి జారి ఉంటుంది. గజ్జ లోపలి లిగమెంటుకు పైన గుచ్చితే రక్తం కడుపు వెనకకు పోతుంది, బయట చుక్క కనపడదు. నడుము నొప్పి అన్నా, బీపీ జారినా ముందు అదే అనుమానించు. నొక్కేటప్పుడు చర్మం మీది గాయాన్ని కాకుండా దానికి కాస్త పైన నొక్కు, సూది ఏటవాలుగా పోతుంది కదా. తర్వాత పాదం నాడి చూడు. రెండు రోజులకు గజ్జలో గుయ్‌మని చప్పుడు వినిపించినా, కొట్టుకునే గడ్డ తగిలినా రక్త ప్రవాహం చూసే డాప్లర్ స్కాన్ తీయించు.

ఇక గోదావరి. నీకు ఇది చాదస్తంగా కనిపిస్తుంది, కనిపించనీ. నువ్వు పనిచేయబోయేది రెండు పాయలూ సముద్రమూ చుట్టిన నేల మీద. రక్తనాళాలు కుట్టే సర్జను కావాలంటే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ, లేదా రావులపాలెం, జొన్నాడ మీదుగా రాజమండ్రి. ఎటు వెళ్ళినా గౌతమిని దాటాలి. సూది చేతికి తీసుకునే ముందే, ఈ రాత్రి ఎవరిని పిలవాలి, ఎటు పంపాలి అన్నది నీకు తెలిసి ఉండాలి. పంపితే రక్తనాళాలు చూసే సీటీ యాంజియో స్కానుకు ఫోను చేసి చెప్పి పంపు, వెంట ఊపిరి గొట్టం వేయగలిగిన మనిషిని పంపు. రోగి ఇంటివాళ్ళకు నువ్వే నోటితో చెప్పు: గొట్టం పోవాల్సిన నాళంలోకి పోలేదు, ఇప్పుడు తీస్తే ప్రమాదం, అందుకే ఉంచి పంపుతున్నాను. కాంపౌండరుతో చెప్పించకు. మనవాళ్ళు కేకలు వేస్తారు, వేయనీ. దాచారని తర్వాత తెలిస్తే వేసేవి కేకలు కావు.

అన్నట్టు, అర్ధరాత్రి వచ్చే ఈ ఊపిరందని కేసుల్లో సగం వరద తెచ్చిపెట్టేవే. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. టీవీలో ఆ మాట వినగానే లంకల్లో ఉన్న మీ రోగులకు ఫోన్లు చేయించు. వంతు రేపైనా ఈ రోజే వచ్చి డయాలిసిస్ చేయించుకుని, వీలైతే ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉండమను. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటాక ఎవరు ఎక్కడికి కదలగలిగారు? పగటిపూట, కాస్త స్థిమితంగా, పడుకోగలిగిన మనిషికి వేసే లైనూ, అర్ధరాత్రి గింజుకునే మనిషికి వేసే లైనూ ఒకటి కాదు. నీ చేతి మీద నాకు నమ్మకం ఉంది, నీ రాత్రుల మీద లేదు. వరద రోజుల్లో నువ్వు కూడా వేళకు తిను.

నాకు మూడింటికి జవాబు కావాలి. మీ కేంద్రంలో స్కానింగ్ యంత్రం ఉందా, ఉంటే నరాలూ నాళాలూ చూసే సన్నటి ప్రోబు ఉందా, కడుపు చూసేది ఒక్కటే ఉందా? అర్ధరాత్రి ఫోను ఎత్తే సర్జను ఎవరు? మెడ వాస్తే నిమిషాల్లో రాగలిగిన మత్తు డాక్టరు ఎవరు? వీటికి సరైన జవాబు లేకపోతే చేరకముందే అడుగు, చేరాక ఎవరూ కొనిపెట్టరు. ఊరికే "అంతా బాగానే ఉంది అత్తా" అని రాశావో, పాలకొల్లులో బస్సెక్కి చించినాడ వంతెన మీదుగా నేనే వచ్చి మీ పెద్ద డాక్టరు గారిని అడుగుతాను. అప్పుడు పరువు పోయిందని నన్ను అనకు.

నీ మేనత్త